పనివానిని పురికొల్పునది ఏది?

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 5వ అధ్యాయము, నెహెమ్యా 3వ అధ్యాయము.



కొంతకాలము క్రిందట మేము ఒక పల్లె సంఘమును దర్శించితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట సంఘ పెద్దలలో ఒకరు మమ్మును ప్రక్కకు పిలిచి తన మనోవేదనను తెలియజేసెను. ఆయన వృత్తిచేత వడ్రంగి. బాడిస పట్టిన చేతులతోనే కుమారుని పెద్ద చదువు చదివించెను. ఆ కుమారుడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేండ్లుగా పనిచేయుచున్నాడు. నెల నెలా ఇంటికి డబ్బు పంపుచున్నాడు. ఇప్పుడు ఆ పని మాని, తక్కువ జీతమిచ్చు వేరొక చిన్న కంపెనీలో చేరెదనని చెప్పుచున్నాడట.

"అయ్యగారూ, నోటికాడి కూడు కాలదన్నుకొనువానిని ఏమనవలెను? వానికేమి తక్కువైనది? ఎండలో నిలువబడు పని కాదు, బరువు మోయు పని కాదు. పండుగకు వచ్చి మూడు దినములు ఒక్క మాటయైనను ఆడక వెళ్లిపోయినాడు. మీరైనను వానికి బుద్ధి చెప్పుడి" అని ఆయన కన్నీరు పెట్టుకొనెను.

మేము వెంటనే ఏమియు చెప్పలేకపోతిమి. ఇట్టి మాట ఈ యొక్క ఇంటనే గాక అనేక గృహములలో వినబడుచున్నది. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ ఆరంభమైనది మొదలు, మన పల్లెల నుండి ఎందరో బిడ్డలు ఈ పనికి వెళ్లిరి. కొందరు బెంగళూరునకు, కొందరు సముద్రము దాటి అమెరికాకు వెళ్లిరి. వారు పంపు డబ్బు మనకు తెలియును. వారు చేయు పని మాత్రము మనకు తెలియదు. తెలియనిదానిని గూర్చి బుద్ధి చెప్పుట ఎట్లు? కావున ఈ మాసమున ఈ సంగతిని ఒక పాఠముగా మీతో కలిసి ధ్యానింప తలంచితిమి.

1. ఈ పని ఎట్టిది?

కంప్యూటర్ తనంతట తాను ఏమియు చేయజాలదు. దానికి ప్రతి అడుగును వ్రాసి చెప్పవలెను. అట్లు వ్రాయబడిన ఆజ్ఞల వరుసనే ప్రోగ్రామందురు. మీరు బ్యాంకులో డబ్బు తీసుకొనునప్పుడును, రైలు టిక్కెట్టు కొనునప్పుడును, రేషను దుకాణములో వ్రేలిముద్ర వేయునప్పుడును, ఎక్కడో ఎవరో కూర్చుండి వ్రాసిన ఆజ్ఞలే లోపల పనిచేయుచున్నవి. ఒక్క అక్షరము తప్పినను లెక్క తప్పవచ్చును.

అయితే ఈ పనిలో అంతయు క్రొత్తగా కట్టుటయే అని తలంచకూడదు. ఇతరులు ఎన్నడో వ్రాసినదానిని మరమ్మతు చేయుటయు, వ్రాసినదానిని మరల మరల పరీక్షించుటయు ఇందులో చాల కలదు. ఒక దృష్టాంతము చూడుడి. పాతకాలపు ప్రోగ్రాములలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసెడివారు. 1965 అనుటకు 65 అని వ్రాసిన చాలును. అయితే 2000వ సంవత్సరము రాగానే అది 00 అగును. యంత్రము దానిని 1900 అని తలంచవచ్చును. ఈ చిక్కును తీర్చుటకు 1990 తరువాతి సంవత్సరములలో లోకమంతట పాత ప్రోగ్రాములను పంక్తి వెంట పంక్తి వెదకవలసి వచ్చెను. మన తెలుగు యౌవనస్థులు అనేకులు ఆ పనికే విదేశములకు వెళ్లిరి. అది అవసరమైన పనియే. అయినను ఇతరులు చేసిన చక్రములలో విరిగిన ఆకులను వెదకు పనియే గాని, తన చేతితో బండి కట్టు పని కాదు.

2. గడ్డి లేని ఇటుకలు

మనుష్యులు పనిలో ఎందుచేత సంతోషింతురు, ఎందుచేత విసుగుదురు? అమెరికా దేశములో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అను పండితుడు ఈ ప్రశ్న వేసెను. పిట్స్‌బర్గ్ ప్రాంతమునందలి ఇంజనీర్లను, లెక్కలు వ్రాయువారిని సుమారు 200 మందిని, "మీ పనిలో మీకు మిక్కిలి సంతోషము కలిగిన సమయము ఏది? మిక్కిలి దుఃఖము కలిగిన సమయము ఏది?" అని అడిగి, వారి జవాబులను 1959లో గ్రంథముగా ప్రకటించెను.

ఆయన కనుగొనినది ఇది. దుఃఖమునకు కారణములు ఒక జాతివి, సంతోషమునకు కారణములు మరియొక జాతివి. చాలని జీతము, పైవాని కాఠిన్యము, కంపెనీ వారి అర్థములేని కట్టడలు, పనిచేయు స్థలము బాగుండకపోవుట, ఇవి మనుష్యుని దుఃఖపెట్టును. ఇవి సరియైన యెడల దుఃఖము పోవును. అంతమాత్రముననే సంతోషము రాదు. సంతోషము వేరొక చోటనుండి వచ్చును. ఒక పని సాధించితినను తృప్తి, దానిని ఇతరులు గుర్తించుట, పని స్వభావమే ఇంపుగా నుండుట, బాధ్యత అప్పగింపబడుట, ముందునకు సాగుట, వీటివలన అది కలుగును.

నిర్గమకాండము 5వ అధ్యాయము చూడుడి. ఇటుకలు చేయుటకు గడ్డి ఇయ్యరు. ఇటుకల లెక్క మాత్రము తగ్గింపరు. అట్టి చోట పని యందు ఆసక్తి గూర్చి ఎవరు మాటలాడగలరు? మొదట గడ్డి ఇయ్యవలెను. కనుక జీతమును తేలికగా చూచు బోధను మేము చేయము. అప్పుల బాధ ఎరిగినవాడు జీతమును తృణీకరింపడు. అయితే గడ్డి ఇచ్చినంత మాత్రమున ఇటుకలు చేయుట పాటలు పాడు పని యగునా? కాదు. ఈ రెండు సంగతులను కలిపివేయుటచేతనే తండ్రులకును కుమారులకును మధ్య అపార్థము కలుగుచున్నది. తండ్రి గడ్డిని గూర్చి మాటలాడుచున్నాడు; కుమారుడు ఇటుకను గూర్చి మాటలాడుచున్నాడు.

3. బండిచక్రపు అయిదు పరీక్షలు

హెర్జ్‌బర్గ్ తరువాత హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అను ఇద్దరు పండితులు, ఒక పని మనుష్యుని లోపలినుండి పురికొల్పునో లేదో కొలుచుటకు 1975లో ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. వారు చెప్పిన లక్షణములు అయిదు. వడ్రంగి పనితో పోల్చి చూచిన యెడల అవి సులభముగా బోధపడును.

మొదటిది, నానా విధములైన నేర్పులు. చెట్టు చూచి కఱ్ఱ ఎంచుట, కోయుట, చిత్రిక పట్టుట, గురిచూచి బిగించుట, ఇన్ని నేర్పులు ఒక చక్రమునకు కావలెను. దినమంతయు ఒక్కటే చేయువాని చేయి పనిచేయును గాని బుద్ధి నిద్రించును.

రెండవది, పని సంపూర్ణత. చక్రమంతయు నేను చేసితినని చెప్పగలుగుట ఒకటి, ఎవరి చక్రమునకో తెలియని ఆకులను చెక్కుట మరియొకటి.

మూడవది, పని యొక్క ప్రయోజనము. ఈ బండి మీద ధాన్యము ఇల్లు చేరును, రోగి ఆసుపత్రి చేరును అని ఎరుగుట.

నాలుగవది, స్వాతంత్ర్యము. ఏ కఱ్ఱ, ఏ కొలత, ఏ వరుస అని తాను నిర్ణయించుకొనగలుగుట.

అయిదవది, ఫలితము తెలియుట. బండి బాట పట్టగానే చక్రము ఊగునో ఊగదో కంటితో చూచుట.

ఈ ప్రశ్నావళిని కంప్యూటర్ పనివారి యొద్దకు తీసికొనిపోయినవారు కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన కూగర్, జవాకీ అను ఇద్దరు. వారి గ్రంథము 1980లో వెలువడెను. ఇతర వృత్తులవారితో పోల్చి చూడగా ఈ పనివారిలో వారు రెండు సంగతులు కనుగొనిరి. నేర్చుకొనవలెను, ఎదుగవలెను అను ఆకలి వీరిలో మిక్కిలి హెచ్చు. నలుగురితో కూడి మాటలాడవలెనను అవసరము వీరిలో మిక్కిలి తక్కువ. ఇది గమనింపదగినది. పండుగకు వచ్చి మాటలాడక కూర్చున్న బిడ్డను గర్విష్ఠి యని వెంటనే తీర్పు తీర్చకుందుము. స్వభావముచేతనే మితభాషులైనవారు ఈ పనిలో అనేకులుందురు. లేక, ఎదుగుదల ఆకలి తీరక లోలోపల క్రుంగుచుండవచ్చును.

ఇంగ్లండు దేశపు పరిశోధకులు కొందరు 1980 మొదలు 2006 వరకు ఈ విషయమై వెలువడిన 92 వ్యాసములను సమకూర్చి చదివి, 2008లో తమ అభిప్రాయమును ప్రకటించిరి. ఆ వ్యాసములలో ఎక్కువ పర్యాయములు పేర్కొనబడిన ప్రేరణ జీతము కాదు. తాను చేయు పని దేనికొరకో ఎరిగి, మొత్తములో తన పాలు ఎక్కడ ఇముడునో తెలిసికొని, దానిని తనదిగా భావించుటయే.

4. దేశదేశముల వారు ఒకటేనా?

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఇవి అమెరికా వారి సంగతులు గదా, ఇతర దేశస్థులకు వర్తించునా? కూగర్ గారికిని ఈ సందేహము కలిగెను. ఆయన ఇతర పండితులతో కలిసి ఆస్ట్రియా, ఇశ్రాయేలు, సింగపూరు, అమెరికా దేశముల ప్రోగ్రాము వ్రాయువారిని పోల్చి, 1990లో ఆ పరిశోధనను ప్రకటించెను. భాష వేరు, మతము వేరు, ఆహారము వేరు; అయినను ఈ పనివారిలో సామ్యములే ముఖ్యముగా కనబడెను. ఎదుగవలెనను ఆకలి ఒక దేశపు సొత్తు కాదు.

అయితే భేదములు లేవని కాదు. హాలండు దేశస్థుడైన గీర్ట్ హాఫ్‌స్టెడ్ అను పండితుడు ఐబీఎం అను పెద్ద కంప్యూటర్ కంపెనీకి పలు దేశములలో గల ఉద్యోగులను 1967 మొదలు 1973 వరకు అడిగిన ప్రశ్నల జవాబులను పరిశీలించి, 1980లో గ్రంథము వ్రాసెను. కంపెనీ ఒకటే, పని యొకటే, అయినను దేశమును బట్టి జవాబులు మారెను. పెద్దవానికిని చిన్నవానికిని మధ్యనున్న దూరమును ప్రజలు ఎంతవరకు సహజమని అంగీకరింతురో ఆయన అంకెలలో చూపెను. ఆస్ట్రియాకు 11, ఇశ్రాయేలునకు 13, అమెరికాకు 40, సింగపూరునకు 74, భారతదేశమునకు 77. ఎవరి బ్రతుకు వారిదని తలంచు స్వభావము అమెరికాకు 91 కాగా, భారతదేశమునకు 48, సింగపూరునకు 20.

దీని భావమేమి? ఇశ్రాయేలు దేశములో చిన్న ఉద్యోగి పైవానితో, "మీరు చెప్పినది సరికాదు" అని ముఖముననే చెప్పుట సులభము. మనలో అట్లు చెప్పుట కష్టము. పైవారు మెచ్చుకొనిన మన బిడ్డ ఎంతో ఉప్పొంగును. పైవారు ఉపేక్షించిన మాటలేక క్రుంగును. అమెరికాలో ఒకడు ఉద్యోగము మారునప్పుడు తన ఇష్టమును మొదట చూచుకొనునేమో. మన యింట అది తల్లిదండ్రుల సంగతి, చెల్లెలి వివాహపు సంగతి, తీర్చవలసిన అప్పు సంగతి. ఇది బలహీనత కాదు. కుటుంబముకొరకు పనిచేయుటయు గొప్ప ప్రేరణయే. అయితే ఈ అంకెలు దేశము మొత్తము యొక్క సగటులు మాత్రమే. అవియు ఒక్క కంపెనీ ఉద్యోగుల జవాబులనుండి వచ్చినవి. అందుచేత వీటితో ఒక మనుష్యుని కొలువకూడదు. మన సంఘములో అన్నదమ్ములిద్దరే ఒకరీతిగా నుండరు గదా.

కావున మేము గ్రహించినది ఇది. ఆకలి అన్ని దేశములలో ఒకటే; ఆ ఆకలిని చెప్పుకొను విధము, అడ్డగించు అడ్డంకులు దేశమును బట్టి మారును. మన బిడ్డలకు ఎదుగుదల ఆకలి తక్కువ కాదు. దానిని తండ్రి యెదుట చెప్పుకొను ధైర్యము మాత్రము తక్కువ.

5. కూలి అడుగని పనివారు

మరియొక ఆశ్చర్యకరమైన సంగతి చెప్పెదము. 1991లో ఫిన్లాండు దేశములోని హెల్సింకి విశ్వవిద్యాలయములో లీనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి, కంప్యూటరును నడిపించు మూల ప్రోగ్రాము నొకదానిని వ్రాయ నారంభించి, ఎవరైనను దానిని చూచి సరిదిద్దవచ్చునని అందరికిని ఇచ్చివేసెను. అదియే లినక్స్. అనేక దేశములవారు దానిలో పాలుపొందిరి. నేడు మన జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులలో పనిచేయుచున్నది దానినుండి వచ్చినదే.

ఇట్లు అందరికిని విడిచిపెట్టబడిన ప్రోగ్రాములను వ్రాయువారు ఎందుకు వ్రాయుదురు? లఖానీ, వుల్ఫ్ అను ఇద్దరు 287 పనులలో పాల్గొన్న 684 మందిని అడిగి, 2005లో ఫలితము ప్రకటించిరి. వారిలో కొందరికి జీతమును కలదు. తమకే ఆ ప్రోగ్రాము అవసరమైనదని కొందరు, నైపుణ్యము పెరుగునని కొందరు చెప్పిరి. అన్నిటికంటె బలమైన ప్రేరణ మాత్రము ఆ పనిలో తమ సృజనశక్తి మేల్కొనుటవలని ఆనందమే అని తేలెను.

దీనికి తోడుగా 1971లో ప్రకటింపబడిన ఎడ్వర్డ్ డెసి గారి పరీక్షను తలంచుకొందము. ఆయన కొందరు విద్యార్థులకు చెక్కముక్కలతో ఆకారములు పేర్చు ఆటను ఇచ్చెను. కొందరికి, పేర్చిన ప్రతి ఆకారమునకు డబ్బిచ్చెను, కొందరికి ఇయ్యలేదు. తరువాత డబ్బిచ్చుట మానివేసి, ఎవరును చూడనట్లు విరామ సమయములో వారేమి చేయుదురో గమనించెను. డబ్బు పుచ్చుకొని మానినవారు ఆ ఆటను మునుపటికంటె తక్కువగా తాకిరి. డబ్బు చెడ్డదని కాదు దీని అర్థము. ప్రతి పనికిని డబ్బుతోనే విలువ కట్టిన యెడల, ఆ పని యందలి ప్రీతి ఎండిపోవచ్చును. ప్రియులారా, మన బిడ్డలు ఫోను చేసిన ప్రతిసారి మనము అడుగు మొదటి ప్రశ్న ఏది?

6. తండ్రికి మేము చెప్పిన జవాబు

ఆ పెద్దకు మేము ఉపదేశమేమియు చేయలేదు. ఒక్కటే కోరితిమి: "నీ కుమారుని జీతము సంగతి అడుగక, నీ పని ఏమిటో నాకు చెప్పుమని అడుగుము. ఓపికతో వినుము." ఆయన అయిష్టముగానే ఒప్పుకొనెను.

నెల తరువాత మరల కలిసినప్పుడు ఆయన ముఖము మారియుండెను. కుమారుడు ఆ రాత్రి గంటకు పైగా మాటలాడెనట. నాలుగేండ్లుగా అతడు ఒక పెద్ద ప్రోగ్రాములో ఒక చిన్న భాగమును మాత్రమే పరీక్షించుచున్నాడు. ఎవరో వ్రాసి పంపుదురు. అతడు వరుసగా నొక్కి చూచి, తప్పొప్పులు గుర్తువేసి తిరిగి పంపును. ఆ ప్రోగ్రాము ఏ దేశములో ఎవరికి ఉపయోగపడుచున్నదో అతనికి తెలియదు. తాను పట్టిన తప్పును తరువాత సరిచేసిరో లేదో తెలియదు. క్రొత్త పని అడిగిన, తరువాత చూతమనిరి. చిన్న కంపెనీలోనైతే తానే వ్రాయవచ్చును, తానే సరిదిద్దవచ్చును, వాడువారి మాటలు తానే వినవచ్చును.

అది విని తండ్రి చెప్పిన మాట మాకు ఈ పాఠమంతటికంటె విలువగా తోచెను. "అయ్యగారూ, నన్ను నాలుగేండ్లు ఆకులు మాత్రమే చెక్కుమని, చక్రము కంట పడనియ్యక కూర్చోబెట్టినయెడల నేను ఏనాడో బాడిస పారవేసియుందును. వాడు నా కొడుకే. ఆ సంగతి నాకు తెలియకపోయెను."

అయితే ఇంటికి అప్పు ఉన్నమాటయు నిజమే. తండ్రి కుమారులిద్దరును కూర్చుండి లెక్క వేసిరి. అప్పు తీరుటకు ఇంక ఎనిమిది నెలలు పట్టును. అంతవరకు ఆ పనిలోనే యుండి, సాయంకాలములందు క్రొత్త నేర్పు నేర్చుకొని, ఆ తరువాత మారుదునని కుమారుడు ఒప్పుకొనెను. "తరువాత నీ యిష్టము, నేను అడ్డు రాను" అని తండ్రి మాట యిచ్చెను. గడ్డి సంగతి ఎవరును మరువలేదు, ఇటుక సంగతియు ఎవరును మరువలేదు.

నెహెమ్యా 3వ అధ్యాయము చదువువారు పేర్ల పట్టికయని త్వరగా దాటిపోవుదురు. నిదానించి చదువుడి. యెరూషలేము గోడ కట్టినవారిలో బంగారపు పనివారు కలరు, పరిమళద్రవ్యములు చేయువారు కలరు, షల్లూము అను అధిపతియు అతని కుమార్తెలును కలరు. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా నున్న భాగమునే బాగుచేసిరి. ఎవరి పాలు ఎక్కడనుండి ఎక్కడి వరకో వారికి తెలియును. అది ఎవరిని కాపాడునో తెలియును. ప్రతి సాయంకాలము గోడ ఎంత లేచెనో కంటికి కనబడును. అనేకుల పేర్లు వ్రాయబడెను. 52 దినములలో గోడ ముగిసెను. అధికారులు చెప్పినందున మాత్రమే అట్టి పని జరుగునా?

కనుక సహోదరులారా, మీ బిడ్డ చేయు పనిని గూర్చి అడుగుడి. మొదట అర్థము కాకపోవచ్చును. మరల అడుగుడి. తన పని సంగతి వినుటకు ఇంటిలో ఒకరున్నారని తెలిసిన బిడ్డ, ఎంత దూరమున నున్నను ఒంటరివాడు కాడు.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ చేతిపనిలో మీకు మిక్కిలి సంతోషము కలిగిన దినమేది? ఆ దినమున వచ్చిన కూలి ఎంతో మీకు జ్ఞాపకమున్నదా?

2. పైని చెప్పిన అయిదు లక్షణములలో మీ పనికి ఏవి కలవు? ఏవి లేవు?

3. మన యొద్ద కూలికి వచ్చువారికి సరియైన కూలి ఇచ్చుచున్నామా? వారి పనిని మెచ్చుకొనుచున్నామా? ఒకటి ఇచ్చి మరియొకటి మరచుచున్నామా?

4. దూరమున పనిచేయు మీ కుమారుడు, కుమార్తె ఏమి చేయుచున్నారో పొరుగువానికి మూడు మాటలలో చెప్పగలరా? చెప్పలేనియెడల ఈ వారమే అడిగి తెలిసికొనుడి.